ఆగిపోయిన కథ, ఆగని అభిమానం

2012 ఫిబ్రవరి 4, శనివారం. ముందుగా చెప్పుకొన్న వేళకు, పలు దేశాలలో పదమూడు వేల మంది దాకా తమ తమ గదుల్లో కంప్యూటర్ల ముందు కూర్చొని, ఏడేళ్ల కిందట వెలువడిన ఒక ఆటను ఒకేసారి తెరిచారు. వారిలో అత్యధికులకు అది కొత్త ఆట కాదు. ఏ గోడ చాటున ఏ శత్రువు పొంచి ఉన్నదీ, ఏ తలుపు వెనుక మందుల పెట్టె ఉన్నదీ వారికి కంఠోపాఠం. అయినా మొదటి నుంచి ఆడసాగారు. అది పందెం కాదు. గెలిచినవారికి బహుమతీ లేదు. ఆటను సృష్టించిన సంస్థ లెక్కల్లో ఆనాడు ఆడుతున్నవారి సంఖ్య ఉన్నట్టుండి పెరగాలి, ఆ అంకెను చూసి అక్కడివారు తమను ఒకసారి తలచుకోవాలి. అంతే వారి కోరిక. అప్పటికి నాలుగేళ్లు దాటింది, కథ నడిమధ్యలో ఆగిపోయి. మిగిలిన కథ ఏమైందని అడగడానికి వారికి తోచిన మర్యాదైన మార్గం అది.

వారు తెరిచిన ఆట హాఫ్-లైఫ్ 2. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన వాల్వ్ అనే సంస్థ 1998లో ప్రారంభించిన హాఫ్-లైఫ్ పరంపరలో అది రెండవది.

మన వారపత్రికలలో ధారావాహికలు చదివి పెరిగినవారికి ఈ బాధ తెలియనిది కాదు. కథ మంచి పట్టులో ఉండగా పుట అడుగున "ఇంకా వుంది" అన్న రెండు మాటలు కనిపించేవి. ఆ రెండు మాటల బలంతో పాఠకుడు వారం రోజులు గడిపేవాడు. ఆ వచ్చే వారం పదేళ్లు గడిచినా రాకపోతే ఏమవుతుంది? మామూలుగా అయితే పాఠకుడు మరచిపోతాడు. హాఫ్-లైఫ్ అభిమానులు మరచిపోలేదు. అంతటితో ఆగలేదు కూడా. రచయిత వదిలిన పుటలలో కొన్నింటిని తామే కూర్చొని రాశారు.

ఉద్యోగానికి ఆలస్యంగా వచ్చిన మనిషి

తుపాకి ఆటలను ఎరుగని పాఠకుల కోసం ఒక మాట చెప్పాలి. ఈ తరహా ఆటలో ఆటగాడు కథానాయకుణ్ణి తెరపై చూడడు. అతని కళ్లతోనే లోకాన్ని చూస్తాడు. తెర అడుగున ఆయుధం పట్టిన చేతులు మాత్రమే కనిపిస్తాయి. టెక్సాస్‌కు చెందిన ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థ 1993లో డూమ్, 1996లో క్వేక్ అనే ఆటలను విడుదల చేసి ఈ తరహాకు ప్రపంచవ్యాప్తంగా ప్రచారం తెచ్చింది. వాటిలో కథకు పెద్ద చోటు లేదు. నడవాలు, రాక్షసులు, తాళపుచెవులు, తూటాలు: ఇంతే సరంజామా. ఒక ఘట్టం ముగిస్తే మరొకటి మొదలవుతుంది.

1998 నవంబరులో హాఫ్-లైఫ్‌ను కొని తెచ్చి ఆడబోయిన వారికి మొదటి అయిదు నిమిషాలు ఒక్క తూటా కూడా పేల్చే అవకాశం దొరకలేదు. న్యూ మెక్సికో ఎడారి కింద తొలిచిన బ్లాక్ మీసా అనే పరిశోధనాలయంలో ఒక చిన్న ట్రాం బండి మెల్లగా సాగిపోతూ ఉంటుంది. అందులో ప్రయాణిస్తున్నవాడు గోర్డన్ ఫ్రీమన్. వయసు 27 ఏళ్లు, చదివినది సైద్ధాంతిక భౌతికశాస్త్రం, పట్టా పొందినది ఎం.ఐ.టి. నుంచి, కళ్లకు అద్దాలు. ఆ రోజు అతడు పనికి ఆలస్యంగా వస్తున్నాడు. కిటికీలోంచి యంత్రాలు, గిడ్డంగులు, తమ పనుల్లో మునిగిన మనుషులు కనబడుతూ ఉంటారు. ఆటగాడు బండిలో అటూ ఇటూ నడచి చూడవచ్చు. అంతకుమించి చేయగలిగినది లేదు. శత్రువును కాల్చడానికి వచ్చినవాణ్ణి ఒక ఉద్యోగిగా మార్చి కూర్చోబెట్టడం ఆ రోజుల్లో పెద్ద సాహసం.

తరువాత ప్రయోగశాలలో ఒక ఖనిజపు నమూనాను బండిపై నెట్టి కిరణపుంజంలోకి పంపాలి. ఆ పని ఆటగాడి చేతనే చేయిస్తారు. ప్రయోగం వికటిస్తుంది. మరో లోకపు ద్వారాలు తెరుచుకొని వింత జీవులు వచ్చిపడతాయి. పీత వంటి జీవి ఒకటి ఎగిరి మనిషి తలను పట్టుకొంటే ఆ మనిషి నడిచే శవమవుతాడు. గోర్డన్ చేతికి మొదట దొరికే ఆయుధం ఒక చివర వంకర తిరిగిన ఎర్ర ఇనుప పలుగు. కోట్లు పెట్టి తయారుచేసిన ఎన్నో ఆటలలోని అద్భుతాయుధాలను ప్రజలు మరచిపోయారు గాని ఈ పలుగును మరువలేదు.

కొంతసేపటికి సైన్యం దిగుతుంది. రక్షించడానికి వచ్చారని సంతోషంతో చేతులు చాచి ఎదురు పరుగెత్తిన ఒక శాస్త్రవేత్తను సైనికుడు ఆటగాడి కళ్లెదుటే కాల్చివేస్తాడు. జరిగినది బయటికి పొక్కకుండా సాక్షులందరినీ తుదముట్టించడానికి వచ్చిన సేన అది. ఈ సంగతి ఎవరూ ఉపన్యాసం ఇచ్చి చెప్పరు. మరొకచోట రాకెట్ ఇంజన్లను పరీక్షించే లోతైన గోతిలో మూడు భారీ మెడలు పైకి లేచి ఊగుతూ ఉంటాయి. వాటికి చూపు లేదు, చెవులు మాత్రం చురుకు. అడుగు చప్పుడైతే ఉక్కు నేలను పొడిచి మనిషిని చంపుతాయి. ఒక మూలకు చేతిబాంబు విసిరి, అవి ఆ పేలుడు వైపు తిరిగినప్పుడు పిల్లిలా జారుకోవాలి. ఆ గోతిని దాటిన రాత్రి ఊపిరి బిగబట్టిన సంగతి ఈనాడు నలభైలు దాటినవారు కూడా నిన్న జరిగినట్లు చెప్పుకొంటారు.

ఆద్యంతం ఆటగాడు గోర్డన్ కళ్లలోంచి బయటికి రాడు. మధ్యలో ఆటను ఆపి సినిమా చూపించడం లేదు. గోర్డన్ నోరు విప్పి ఒక్క మాట మాట్లాడడు. ఆ మౌనం వల్ల జరిగే మేలు ఒకటున్నది. అక్కడ కలిగే భయమూ, జాలీ, కోపమూ మరొకరివి కావు, ఆడేవాడివే. గోర్డన్ ఖాళీగా వదిలిన చోట ఎవరి మనసు వారు పెట్టుకొన్నారు. ఇన్నేళ్ల అభిమానానికి మూలం వెతకదలచినవారు మొదట చూడవలసినది ఇక్కడే.

చెత్తబుట్టలో వేసిన మొదటి ఆట

ఇంత నేర్పు మొదటి ప్రయత్నంలో వచ్చినది కాదు. వాల్వ్‌ను 1996లో స్థాపించిన గేబ్ న్యూవెల్, మైక్ హ్యారింగ్టన్ ఇద్దరూ మైక్రోసాఫ్ట్‌లో పనిచేసి బయటికి వచ్చినవారు. ఆటల తయారీలో వారికి పూర్వానుభవం లేదు. ఇడ్ సంస్థ నుంచి క్వేక్ ఇంజన్‌ను తీసుకొని, దానిని చాలావరకు తిరగరాసి, 1997 చివరకు ఆటను విడుదల చేయాలనుకొన్నారు. గడువు దగ్గర పడింది. ఆట ఇంచుమించు సిద్ధమైంది. కూర్చొని ఆడి చూస్తే బాగాలేదు.

అప్పుడు వారు చేసిన పని వ్యాపార లోకంలో అరుదు. తయారైనదానిని దాదాపు అంతా పక్కన పెట్టారు. ఒక చిన్న బృందం అందులోని మంచి ఊహలను, తమాషా యుక్తులను ఏరి ఒకే ఘట్టంలో కూర్చింది. నెల తరువాత అందరూ దానిని ఆడి చూశారు. ఆట ఎలా ఉండాలో అప్పుడు అర్థమైంది. మిగిలినదంతా ఆ కొలతకు మళ్లీ కట్టారు. ఈ ఉదంతాన్ని వాల్వ్ ఇంజనీరు కెన్ బర్డ్‌వెల్ తరువాత ఒక వృత్తి పత్రికలో వివరంగా రాశాడు. బయటివారిని పిలిచి ఆడించి, వెనుక కూర్చొని నోరు మెదపకుండా చూస్తూ రాసుకొనేవారట. ఎక్కడ తికమక పడుతున్నాడు, ఎక్కడ విసుగు చెందుతున్నాడు, ఎక్కడ దారి తప్పుతున్నాడు. రెండు గంటల ఆటలో సరిదిద్దవలసినవి నూరు దాకా తేలేవి. వంటవాడు వడ్డించి ఊరుకోక, తినేవాడి ముఖం చూస్తూ నిలబడటం వంటిది ఇది. కథ రాయడానికి మార్క్ లేడ్‌లా అనే నవలారచయితను 1997లో చేర్చుకొన్నారు. ఆటలకు నవలాకారుడెందుకన్న రోజులవి.

ఫలితం అందరికీ తెలిసినదే. యాభైకి పైగా పత్రికలూ సంస్థలూ దానిని ఆ ఏటి మేటి ఆటగా ఎన్నుకొన్నాయి. 2008 నాటికి దుకాణాలలోనే 90 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి.

అయితే ఈ కథకు అంతకంటె ముఖ్యమైన విషయం ఆ డిస్కులోనే ఉన్నది. ఆటలోని గదులను, నడవాలను కట్టడానికి సంస్థ వాడిన వరల్డ్‌క్రాఫ్ట్ అనే సాధనాన్ని కూడా ఆటతో పాటే కొన్నవారికి ఇచ్చారు. ఇల్లు కొన్నవాడికి తాపీమేస్త్రీ పనిముట్లు కూడా ఇచ్చి, నీకు నచ్చినట్లు కట్టుకో అన్నట్లన్న మాట. కెనడాలో చదువుకొంటున్న మిన్ లె, అమెరికాకు చెందిన జెస్ క్లిఫ్ కలిసి ఈ పనిముట్లతోనే 1999లో కౌంటర్-స్ట్రైక్‌ను తయారుచేశారు. తరువాత వాల్వ్ దానిని కొని వారికి ఉద్యోగాలిచ్చింది. 2000 తరువాతి దశాబ్దంలో మన నగరాల ఇంటర్నెట్ సెంటర్లలో గంటకింతని చెల్లించి జట్లు కట్టి ఆడిన కుర్రవాళ్లకు కౌంటర్-స్ట్రైక్ బాగా తెలుసు. గోర్డన్ ఫ్రీమన్ వారిలో చాలామందికి తెలియడు. బిడ్డ పేరు తల్లి పేరును మించిపోవడం లోకంలో ఉన్నదే.

"ఇంకా వుంది"

రెండవ ఆటకు ఆరేళ్లు పట్టింది. 2003 సెప్టెంబరులో వస్తుందన్నది రాలేదు. అక్టోబరులో దాని మూల సంకేతం దొంగతనానికి గురై లోకమంతా పాకింది. ఆ సంక్షోభంలో న్యూవెల్ సాయం కోరినది తన అభిమానులనే. చివరకు 2004 నవంబరు 16న హాఫ్-లైఫ్ 2 విడుదలైంది.

గోర్డన్ ఇరవై ఏళ్ల తరువాత ఒక రైలులో మేలుకొంటాడు. భూమి పరాయి లోకపు పాలనలోకి పోయింది. దిగిన ఊరు సిటీ 17. కళాదర్శకుడు విక్టర్ ఆంతొనోవ్ తాను పుట్టిన సోఫియా నగరపు జ్ఞాపకాలతో దానికి రూపమిచ్చాడు. పాత ఐరోపా మేడల నడుమ ఆకాశాన్నంటే ఉక్కు గోపురం, వీధుల్లో తల వంచుకొని నడిచే జనం. ఆంతొనోవ్ 2025లో మరణించినప్పుడు ఆట పుట్టిననాటికి ఇంకా పుట్టనివారు కూడా సంతాపం తెలిపారు. ఆ స్టేషనులోనే ముసుగు వేసుకొన్న ఒక కాపలాదారు పానీయపు డబ్బాను లాఠీతో కింద పడగొట్టి, దానిని తీసి చెత్తబుట్టలో వేయమని ఆజ్ఞాపిస్తాడు. వేస్తే నవ్వుతాడు. వేయకుండా అతని ముఖాన విసిరితే వెంటబడి కొడతాడు. ఈ ఆటలో వస్తువులను ఎత్తవచ్చు, విసరవచ్చు అన్న పాఠం, పరాయి పాలన అంటే ఏమిటన్న పాఠం రెండూ ఆ ఒక్క డబ్బాతో అయిపోతాయి. పుటల కొద్దీ వర్ణనలకు ఇంత పదును ఉండదు.

ఇందులో ఆలిక్స్ వాన్స్ అనే యువతి, ఆమె తండ్రి ఈలై వాన్స్ వస్తారు. మనుషుల ముఖకవళికలను శాస్త్రీయంగా వర్గీకరించిన పాల్ ఎక్‌మన్ పరిశోధనలను ఆధారం చేసుకొని వారి ముఖాలకు కదలికలిచ్చారు. కనుబొమ ముడిపడటం, పెదవి వణకటం తెరపై నమ్మదగినట్లుగా కనిపించింది. మొదటి ఆటలో ఆటగాడు ప్రాణం కాపాడుకొన్నాడు. రెండవదానిలో అతనికి మనుషులు దొరికారు.

ఇంకెన్నడూ ఆరేళ్లు ఎదురుచూడనక్కర లేకుండా, ఇకపై చిన్న చిన్న భాగాలుగా త్వరత్వరగా ఇస్తామని సంస్థ ప్రకటించింది. మూడు భాగాలు, మూడవది 2007 క్రిస్మస్ నాటికి. విధి పరిహాసమంటే ఇదే. మొదటి భాగం 2006 జూన్‌లో వచ్చింది. రెండవది 2007 అక్టోబరు 10న వచ్చింది. దాని చివర, విజయం దక్కిందనుకొన్న క్షణంలో, ఈలై వాన్స్‌ను కూతురి కళ్లెదుటే శత్రువు చంపుతుంది. గోర్డన్ కదలలేక చూస్తూ ఉంటాడు. తండ్రి శవంపై పడి ఆలిక్స్ ఏడుస్తుంది. తెర చీకటవుతుంది, ఆమె ఏడుపు మాత్రం కొంతసేపు వినిపిస్తుంది.

మూడవ భాగం రాలేదు.

తొలి ఏడాది, ఆలస్యమవుతున్నదనుకొన్నారు. తరువాత పరిహాసాలు పుట్టాయి. వాల్వ్‌కు మూడు అంకె లెక్కపెట్టడం రాదన్నది వాటిలో ప్రసిద్ధమైనది. 2011లో ఇద్దరు యువకులు అట్టలు పట్టుకొని బెల్‌వ్యూలోని కార్యాలయం ముందు నిలబడ్డారు. న్యూవెల్ బయటికి వచ్చి వారితో మాట్లాడాడు. తేదీ మాత్రం చెప్పలేదు. ఊరుకోలేనివారు మరోరకంగా ఆ లోకంలోనే కాలం గడిపారు. రాస్ స్కాట్ అనే అభిమాని 2007 నుంచి 2014 దాకా మొదటి ఆటను భాగాలుగా ఆడుతూ, నోరు విప్పని గోర్డన్ మనసులో ఏమనుకొంటాడో తన గొంతుతో చెప్పాడు. ఆ గోర్డన్ కోపిష్ఠి, వాగుడుకాయ. అయినా జనం మెచ్చారు. 2014లో మరొక బృందం ఆ ఆటను 20 నిమిషాల 41 సెకండ్లలో ముగించి చూపింది. మామూలు మనిషికి పది పన్నెండు గంటలు పట్టే దారి అది. అందులోని ప్రతి గోడను, ప్రతి మెట్టును ఏళ్ల తరబడి కొలిచినవారికే ఇది సాధ్యం.

పదిహేనేళ్ల కూలి లేని పని

కాని అభిమానమనే మాటకు నిండు అర్థం తెలియాలంటే బ్లాక్ మీసా కథ వినాలి.

2004లో రెండవ ఆటతో పాటు, మొదటి ఆటను కొత్త ఇంజన్‌లోకి మార్చి మరల విడుదల చేశారు. నీటికి కాస్త మెరుపు తప్ప మార్పు పెద్దగా లేదు. పాత గుడికి సున్నం వేసి జీర్ణోద్ధరణ అన్నట్లున్నదని అభిమానులు నొచ్చుకొన్నారు. నొచ్చుకొన్నవారిలో రెండు బృందాలు విడివిడిగా తామే ఆ ఆటను తిరిగి కట్టడానికి పూనుకొన్నాయి. 2005లో అవి కలిసిపోయాయి. పలు దేశాల వారు. చాలామంది ఒకరినొకరు ముఖాముఖి చూడనివారు. పగలు చదువు, కొలువు. రాత్రి బ్లాక్ మీసా. జీతం లేదు. వేరొకరి సొత్తు గనుక అమ్ముకొనే హక్కూ లేదు.

2009లో ఇస్తామన్నారు, ఇవ్వలేకపోయారు. ఎన్నటికీ రాని సరుకుల జాబితాలో పత్రికలు వీరి పేరును చేర్చి నవ్వాయి. 2012 సెప్టెంబరు 14న ఉచితంగా విడుదల చేశారు. ఆడి చూసినవారు నివ్వెరపోయారు. గోడలు, యంత్రాలు, మనుషులు, మాటలు, సంగీతం, సమస్తం కొత్తగా చేసినవి. అయినా ప్రతిచోటా పాత ఆట ఆత్మ పలుకుతున్నది. ఒక్క లోటు మాత్రం మిగిలింది. కథలో చివరి అంకం, అంటే గోర్డన్ భూమిని విడిచి జెన్ అనే పరలోకంలో అడుగుపెట్టే భాగం, లేదు.

ఆ భాగం మూలంలోనే బలహీనమైనది. 1998లో గడువు తరుముతుండగా తొందరగా ముగించినది. శూన్యంలో తేలే రాళ్లపై దూకడం, దారి తప్పడం, చివరకు ఒక భూతాన్ని కూల్చడం. ఆటను ప్రాణంగా ప్రేమించేవారు కూడా జెన్ మాట వస్తే తల దించుకొనేవారు. కనుక దానిని ఉన్నదున్నట్లు తిరిగి కడితే లాభం లేదు. మూలకర్తలు ఏమి ఊహించి చేయలేకపోయారో దానిని ఊహించి చేయాలి.

తెలుగువారికి ఈ చిక్కు చిరపరిచితమైనది. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోగా తిక్కన విరాటపర్వం నుంచి అందుకొన్నాడు. నడుమ మిగిలిన ఖాళీని చాలాకాలానికి ఎఱ్ఱన పూరించాడు. పూరించి తన రాజు పేరు పెట్టుకొనక, నన్నయను పోషించిన రాజరాజనరేంద్రుని పేరనే దానిని నిలిపాడు. తన పేరు వెనుకకు నెట్టుకొని మరొకరి శ్రుతిలో పాడటం సామాన్య కవికి చేతకాదు. మహాకావ్యానికీ కంప్యూటరు ఆటకూ పోలికేమిటని పెద్దలు కోపగించవచ్చు గాని, పనివాడి వినయం రెండుచోట్లా ఒకటే.

ఇక్కడ వాల్వ్‌ను మెచ్చుకోవాలి. తన సొత్తును ఇతరులు ముట్టుకొంటే లాయరు నోటీసు పంపే సంస్థలు కోకొల్లలు. వాల్వ్ వీరిని అడ్డుకోలేదు సరికదా, అమ్ముకోవడానికి అనుమతి కూడా ఇచ్చింది. 2015 మే నెలలో, ఇంకా పూర్తికాని స్థితిలోనే, దాదాపు 20 డాలర్ల ధరకు బ్లాక్ మీసా అమ్మకానికి వచ్చింది. క్రోబార్ కలెక్టివ్ అని పేరు పెట్టుకొన్న ఆ బృందంలో కొందరికి అప్పటికి గాని పని జీతమివ్వలేదు. జెన్ ఈ ఏడు, పై ఏడు అంటూ మరో అయిదేళ్లు వాయిదా పడింది. ఎదురుచూడటంలో ఆరితేరిన అభిమానులే ఇప్పుడు తోటి అభిమానులను ఎదురుచూడజేశారు. 2020 మార్చి 6న సంపూర్ణంగా వెలువడింది. మూలంలో గంటకు కాస్త అటూ ఇటూగా ముగిసే జెన్, ఇందులో కొన్ని గంటల ప్రయాణమైంది. చిత్తడి అడవులు, వెలుగు చిమ్మే మొక్కలు, అంతకుముందే అక్కడికి వచ్చి చనిపోయిన శాస్త్రవేత్తల శిబిరం. సాగదీత కొంత ఉన్నదన్న విమర్శలో నిజం లేకపోలేదు. అయినా మూలకర్తలకు గడువు ఇవ్వని కాలాన్ని ఈ అనామకులు తమ యౌవనంలోంచి తీసి ఇచ్చారు. మొదలుపెట్టినప్పుడు విద్యార్థి వయసులో ఉన్నవారికి, ముగిసేసరికి నడివయసు ఎదురవుతున్నది.

మాట్లాడని మనిషి రాసిన ఉత్తరం

ఈ మధ్యలో మరొకటి జరిగింది. కథకుడు లేడ్‌లా 2016లో సంస్థను విడిచిపెట్టాడు. 2017 ఆగస్టులో ఆయన ఒక లేఖను లోకానికి వదిలాడు. పాత్రల పేర్లు తారుమారు చేసి, స్త్రీలను పురుషులుగా, పురుషులను స్త్రీలుగా మార్చి, రాని మూడవ భాగపు కథ ఇంచుమించు ఇదని తెలిసేటట్లు రాసినది. గోర్డన్ తన మిత్రులకు రాసిన ఉత్తరంగా అది సాగుతుంది. ఇరవై ఏళ్లుగా నోరు విప్పని మనిషి ఆ విధంగా పెదవి కదిపాడు. మంచు సముద్రంలో కాలానికీ స్థలానికీ మధ్య ఊగిసలాడే ఒక ఓడ, దానిని శత్రువు గుండెలోకి నడిపే తుది యత్నం, తీరా చూస్తే శత్రువు ముందు ఆ పేలుడు అగ్గిపుల్లపాటి కూడా కాదన్న ఎరుక. చదివినవారు కళ్లు తుడుచుకొన్నారు. కొందరు వెంటనే ఆ లేఖ ఆధారంగా ఆట నిర్మించడానికి ప్రాజెక్ట్ బొరియాలిస్ పేర బృందం కట్టారు.

మరికొందరు కోపం పట్టలేక, దీనితో సంబంధం లేని వాల్వ్ వారి డోటా 2 ఆటపై తిట్లు కురిపించి దాని మార్కులు తగ్గించారు. అభిమానంలో అలాంటి పాలు కూడా ఉన్నది, దాచనక్కర లేదు. ఆ లేఖను అలా బయటపెట్టడం గురించి లేడ్‌లా తరువాత తానే విచారించాడు. అదే ఏడు అక్టోబరులో ఈలై వాన్స్‌కు గొంతునిచ్చిన నటుడు రాబర్ట్ గియోమ్ 89వ ఏట కన్నుమూశాడు. ఆ తండ్రి మరణానికి ప్రతీకారం చూడకుండానే అతని కంఠం ఆగిపోయింది.

బ్లాక్ మీసా పూర్తయిన పదిహేడు రోజులకు, 2020 మార్చి 23న, వాల్వ్ నుంచి హాఫ్-లైఫ్: ఆలిక్స్ వచ్చింది. కళ్లకు ప్రత్యేక యంత్రం తగిలించుకొని ఆడవలసినది కనుక అందరికీ అందలేదు. కథ రెండవ ఆటకు అయిదేళ్ల ముందు జరుగుతుంది. అయితే చివరి ఘట్టంలో కాలం గిర్రున తిరిగి, 2007లో ఈలై మరణించిన ఆ క్షణం ముందు నిలుస్తుంది. కూతురు ఈసారి తండ్రిని కాపాడుతుంది. బదులుగా తాను అదృశ్యశక్తి చేతికి బందీ అయిపోతుంది. ఈలై బ్రతికి లేచి చూసేసరికి ఆలిక్స్ లేదు. గోర్డన్ చేతికి పాత పలుగు మళ్లీ అందుతుంది. అక్కడ ఆగింది. పన్నెండేళ్ల పైచిలుకు ఎదురుచూపు తరువాత కథ ముందుకు కదిలినది కొన్ని నిమిషాలు.

2024 నవంబరులో, రెండవ ఆటకు ఇరవై ఏళ్లు నిండిన సందర్భంగా సంస్థ ఒక డాక్యుమెంటరీని వెలువరించింది. అందులో మూడవ భాగం కోసం చేసిన కొన్ని ప్రయత్నాలను తొలిసారి చూపారు. మంచును చిమ్మే తుపాకి, ముద్దలా కదిలే ఒక శత్రువు. న్యూవెల్ తన వైఖరిని విప్పి చెప్పాడు. కథను ముందుకు నడపడమే కారణంగా మరొక భాగాన్ని తేవడం ఆటగాళ్ల పట్ల బాధ్యతను ఎగవేయడమే అవుతుందని, ఆటగా కొత్తదనం చూపే మార్గం తనకు తోచలేదని ఆయన భావం. ఇది నిజాయితీ గల మాటే. 1997లో తయారైన ఆటను పారవేసిన మనిషి నోట రాదగినదే. కాని ఒక సందేహం మిగులుతుంది. మొదటిసారి పారవేసినప్పుడు అది ఎవరూ చూడనిది. రెండవసారి, తండ్రి శవం దగ్గర ఏడుస్తున్న ఒక యువతి పక్కన లక్షలాది మందిని నిలబెట్టి వెళ్లిపోయారు. అక్కడ నిలబడినవారికి కొత్తదనం కంటె ముందు కావలసినది మరొకటి ఉన్నది. అన్ని వసతులూ గల సంస్థ మెరుగైనదే ఇవ్వాలని ఆగిపోతే, ఏ వసతీ లేనివారు ఉన్నదానిని పూర్తి చేయాలని పదిహేనేళ్లు పట్టుబట్టారు. ఈ రెండు పట్టుదలలూ ఒకే ఆట నుంచి పుట్టినవి కావడం విశేషం.

ఆ డాక్యుమెంటరీ వెలువడిన రోజుల్లో ఇరవై ఏళ్ల పాత ఆటను ఒకే సమయంలో అరవై వేల మందికి పైగా ఆడారు. దానికి ముందటి ఏడు, 2023 నవంబరులో, మొదటి ఆటకు ఇరవై అయిదేళ్లు నిండాయి. కొద్దిరోజుల పాటు సంస్థ దానిని ఉచితంగా ఇచ్చింది. అంతకుముందెన్నడూ లేనంతగా, ఒకేసారి ముప్పై వేల మందికి పైగా ఆ ఆటలో ప్రవేశించారు. 1998లో కుర్రవాళ్లుగా ఆడినవారు కొందరు, వారి పిల్లల వయసువారు కొందరు. అందరూ అదే ట్రాం ఎక్కారు. అవే గిడ్డంగులు, అవే యంత్రాలు అయిదు నిమిషాల పాటు కిటికీ ముందు నుంచి జరిగిపోయాయి. బండి ఆగింది. నీలిచొక్కా కాపలాదారు నడచి వచ్చి తలుపు తీసి, గోర్డన్‌ను పేరుపెట్టి పలకరించి, ఈవేళ ఆలస్యమైనట్లున్నదే అన్నాడు. ఎప్పటివలెనే గోర్డన్ ఏమీ మాట్లాడకుండా దిగి లోపలికి నడిచాడు.